తీవ్ర రక్తస్రావం తర్వాత రక్తప్రసరణ: కణ సంకేతాల పాత్ర

గాయం వల్లగానీ, కాన్పు సమయంలోగానీ, జీర్ణాశయంలోని పుండు పగలడం వల్లగానీ తక్కువ వ్యవధిలో ఎక్కువ రక్తం పోయి, కణజాలాలకు ఆక్సిజన్ చాలని ప్రాణాపాయ స్థితిని రక్తస్రావ షాక్ అంటారు. ఈ స్థితిలో మనిషి బతకడం ఎంత రక్తం మిగిలిందన్న దానిమీదే కాక, మిగిలిన రక్తాన్ని ఏ అవయవానికి పంపాలో నిర్ణయించే కణ సంకేతాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. నాడుల చివరల నుంచి, గ్రంథుల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి వెలువడే రసాయనాలు కణాల మీది గ్రాహకాలను తాకి, కణం లోపల వరుస మార్పులు తెస్తాయి. గుండె వేగం, రక్తనాళాల బిగింపు, రక్తం గడ్డకట్టడం అన్నీ వీటి అదుపులోనే ఉంటాయి. మొదటి దశలో ఈ సంకేతాలే ప్రాణాన్ని నిలబెడతాయి. ఆలస్యమైతే ఇవే గాడితప్పి, పోయిన రక్తమంతా తిరిగి ఎక్కించినా ప్రసరణ కోలుకోని దశకు చేరుస్తాయి.

ఎంత రక్తం పోతే ప్రమాదం

పెద్దవారిలో కిలో బరువుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 70 కిలోల మనిషిలో అది దాదాపు 5 లీటర్లు. ప్రమాద చికిత్సలో రక్తనష్టాన్ని నాలుగు తరగతులుగా లెక్కిస్తారు. 15 శాతం లోపు, అంటే 750 మిల్లీలీటర్ల వరకు పోతే ఆరోగ్యవంతుల్లో పెద్ద లక్షణాలు కనిపించవు. రక్తదానంలో తీసుకునే 350 లేదా 450 మిల్లీలీటర్లు ఈ పరిధిలోనివే. 15 నుంచి 30 శాతం పోతే గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంది, చేతులు చల్లబడతాయి, బీపీలోని పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా తగ్గుతుంది. 30 నుంచి 40 శాతం పోయినప్పుడు బీపీ స్పష్టంగా పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. 40 శాతం దాటితే వెంటనే చికిత్స అందకపోతే ప్రాణం దక్కదు.

లీటరు రక్తం పోయినా బీపీ పై అంకె మామూలుగానే ఉండవచ్చన్నది ఈ లెక్కలో గుర్తుపెట్టుకోవలసిన విషయం. రక్తనాళాలు బిగుసుకుని ఆ అంకెను నిలబెడుతున్నాయి తప్ప, అవయవాలకు చాలినంత రక్తం అందుతోందని దాని అర్థం కాదు.

అవగాహన పెరిగిన క్రమం

మొదటి ప్రపంచ యుద్ధంలో హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను పరిశీలించి, నలిగిన కణజాలం నుంచి వెలువడే విషపదార్థమే షాక్‌కు కారణమని భావించాడు. 1930లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ గాయపడిన భాగంలోకి చేరే రక్తాన్ని, ద్రవాన్ని కొలిచి, ప్రసరణలోని ద్రవం తగ్గడమే అసలు కారణమని చూపాడు. ఆయన ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసిన వివియన్ థామస్ పాత్ర ఈ పరిశోధనల్లో పెద్దది. క్లీవ్‌లాండ్‌కు చెందిన కార్ల్ విగ్గర్స్ 1940లలో మరో ముఖ్య విషయం బయటపెట్టాడు. కుక్కల నుంచి రక్తం తీసి బీపీని కొంతసేపు తక్కువ స్థాయిలో ఉంచి, తర్వాత తీసిన రక్తమంతా తిరిగి ఎక్కించాడు. బీపీ మొదట కోలుకుంది. తక్కువ బీపీలో ఎక్కువసేపు ఉన్న జంతువుల్లో మాత్రం అది మళ్లీ క్రమంగా పడిపోయి, అవి చనిపోయాయి. తిరుగులేని షాక్ అన్న భావన ఇక్కడ స్థిరపడింది. పోయిన రక్తాన్ని భర్తీ చేసినా ప్రసరణ ఎందుకు కూలుతోందన్న ప్రశ్నకు జవాబు కణం లోపల వెతకాల్సి వచ్చింది.

ఆ వెతుకులాటకు వేర్వేరు దారుల్లో జరిగిన పరిశోధనలు తోడయ్యాయి. 1948లో రేమండ్ ఆల్క్విస్ట్ ఎడ్రినలిన్ గ్రాహకాలను ఆల్ఫా, బీటా అని విడదీశాడు. ఎడ్రినలిన్ సందేశాన్ని కణం లోపలికి మోసే సైక్లిక్ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్‌లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలిస్తుందని తేల్చిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో, ఎడ్రినలిన్ తరహా గ్రాహకాల నిర్మాణాన్ని, పనితీరును వివరించిన లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో అదే గౌరవం దక్కింది.

తొలి నిమిషాలు

మెడలో కరోటిడ్ ధమని చీలే చోట, బృహద్ధమని వంపులో గోడ సాగుదలను పసిగట్టే నాడీకొనలు ఉంటాయి. రక్తం తగ్గగానే గోడ సాగుదల తగ్గి, వీటి నుంచి మెదడు కాండానికి వెళ్లే సంకేతాలు పలచబడతాయి. వెంటనే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు సడలుతుంది, సింపథెటిక్ నాడీవ్యవస్థ చురుకవుతుంది. ఇదంతా సెకన్లలో జరిగిపోతుంది. నాడుల చివరల నుంచి నార్ఎపినెఫ్రిన్, అడ్రినల్ గ్రంథుల నుంచి ఎడ్రినలిన్ విడుదలవుతాయి.

గుండె కండర కణాల మీది బీటా-1 గ్రాహకాలను ఇవి తాకితే జీ-ప్రోటీన్ ద్వారా సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది. దానివల్ల ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ మేల్కొని కాల్షియం దారులు తెరుస్తుంది. గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది. శరీరంలోని రక్తంలో దాదాపు మూడింట రెండు వంతులు సిరల్లోనే నిలవ ఉంటుంది కాబట్టి, సిరలు బిగుసుకోగానే ఆ నిలవలో కొంత గుండెకు చేరుతుంది.

సన్న ధమనికల్లో జరిగేది ఇంకా కీలకం. కాలువలో నీరు తగ్గినప్పుడు లస్కర్లు కొన్ని తూములు దించి, ఎండిపోతే కోలుకోని చేలకు నీరు మళ్లించినట్టు, చర్మం, పేగులు, కండరాలు, మూత్రపిండాల వైపు ధమనికలు బిగుసుకుని మెదడుకు, గుండెకు రక్తాన్ని మిగులుస్తాయి. ఆ రెండు అవయవాల్లోని నాళాలు నార్ఎపినెఫ్రిన్ కంటే అక్కడికక్కడే తయారయ్యే ఎడినోసిన్, కార్బన్ డయాక్సైడ్ వంటి వాటి మాటే ఎక్కువగా వింటాయి. ఆక్సిజన్ తగ్గేకొద్దీ అవి మరింత తెరుచుకుంటాయి. రోగి చేతులు చల్లబడి పాలిపోవడం, చల్లని చెమట పట్టడం ఈ సర్దుబాటుకు పైకి కనిపించే గుర్తులు.

కేశనాళికల్లో పీడనం తగ్గడంతో కణజాలాల మధ్య ఉండే ద్రవం రక్తంలోకి వచ్చి చేరుతుంది. రక్తం పలచబడినా పరిమాణం కొంత పెరుగుతుంది. అందుకే రక్తస్రావం మొదలైన వెంటనే చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా, కొన్ని గంటల తర్వాత తగ్గి కనిపిస్తుంది.

ధమనిక గోడలోని ఒక కణం

ధమనిక గోడ చుట్టూ నునుపు కండర కణాలు ఉంగరాల్లా అల్లుకుని ఉంటాయి. విశ్రాంతిలో ఉన్న కణంలోని స్వేచ్ఛా కాల్షియం గాఢత బయటి ద్రవంతో పోలిస్తే సుమారు పదివేల వంతు మాత్రమే. ఈ భారీ తేడాయే కణానికి మీట.

నార్ఎపినెఫ్రిన్ అణువు ఆల్ఫా-1 గ్రాహకానికి అంటుకోగానే లోపలివైపు ఉన్న జీక్యూ అనే ప్రోటీన్ చురుకవుతుంది. అది ఫాస్ఫోలైపేజ్-సీ అనే ఎంజైమును లేపుతుంది. ఆ ఎంజైమ్ పొరలోని కొవ్వు అణువును రెండుగా కోస్తుంది. ఒక ముక్క ఐపీ-3. అది కణం లోపలి నిల్వల నుంచి కాల్షియం విడుదల చేయిస్తుంది. పొరలోని కాల్షియం దారులు కూడా తెరుచుకుంటాయి. కాల్షియం కాల్‌మోడ్యులిన్‌తో కలిసి, మయోసిన్ అనే మోటారు ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమును పనిలోకి దింపుతుంది. కణం కుంచించుకుంటుంది.

బిగింపు నిలవాలంటే తగిలించిన ఫాస్ఫేట్ ఊడిపోకూడదు. దాన్ని ఊడదీసే ఎంజైమును రో-కైనేజ్ అనే మరో సంకేత మార్గం అడ్డుకుంటుంది. ఉన్న కాస్త కాల్షియంతోనే ఎక్కువ బిగింపు సాధించడం దీనివల్ల కుదురుతుంది. దీన్ని కాల్షియం పట్ల సున్నితత్వం అంటారు.

ఇంత చిన్న కణం కుంచించుకోవడం ప్రసరణను ఎంతగా మారుస్తుందో పాయిజెల్ సూత్రం చెబుతుంది. నాళంలో ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లు పెరుగుతుంది. బీపీని నిలబెట్టేది ఈ బలమే. బిగింపు సడలితే అంతే వేగంగా అది కూలిపోతుంది.

హార్మోన్ల దన్ను

నాడుల స్పందన వెంటే హార్మోన్లు రంగంలోకి దిగుతాయి. మూత్రపిండాల్లో విడుదలయ్యే రెనిన్ వల్ల ఏంజియోటెన్సిన్-2 తయారవుతుంది. పిట్యూటరీ నుంచి వేసోప్రెసిన్ వస్తుంది. ఈ రెండూ వేర్వేరు గ్రాహకాలను తాకినా, నునుపు కండరంలో పైన చెప్పిన జీక్యూ, కాల్షియం దారినే వాడుకుంటాయి. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆల్డోస్టిరాన్ ఉప్పును, వేసోప్రెసిన్ నీటిని మూత్రంలో పోకుండా పట్టి ఉంచుతాయి. గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు కంటే మూత్రం తగ్గడాన్ని వైద్యులు హెచ్చరికగా తీసుకునేది ఇందుకే.

రక్తనాళం మాట వినని దశ

రక్తస్రావం తొలి దశలో నాళాలు నార్ఎపినెఫ్రిన్‌కు మామూలు కంటే ఎక్కువగా స్పందిస్తాయి. గంటలు గడిచేకొద్దీ పరిస్థితి తలకిందులవుతుంది. రక్తంలో నార్ఎపినెఫ్రిన్ పుష్కలంగా ఉన్నా నాళం బిగుసుకోదు. విగ్గర్స్ కుక్కల్లో చూసిన తిరుగులేని పతనానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. దీని వెనుక కనీసం ఐదు మార్పులు ఉన్నాయి.

మొదటిది శక్తి కొరత. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ ఒకవైపు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి మరోవైపు విడివిడిగా గుర్తించారు. ఆక్సిజన్ అందితే ఒక గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు వస్తాయి. అందకపోతే రెండే వస్తాయి, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఏటీపీ తగ్గినప్పుడు తెరుచుకునే పొటాషియం దారులను 1983లో అకినోరి నోమా గుండె కణాల్లో కనుగొన్నాడు. రక్తనాళాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇవి తెరుచుకుంటే పొటాషియం బయటికి పోయి, కణం లోపలి విద్యుదావేశం మరింత రుణాత్మకమవుతుంది. దాంతో కాల్షియం దారులు మూతపడతాయి. గ్రాహకం మీద హార్మోన్ ఉన్నా కాల్షియం లోపలికి రాదు.

రెండోది నైట్రిక్ ఆక్సైడ్. వాపును ప్రేరేపించే సంకేతాల వల్ల కొన్ని గంటల్లో ఒక ప్రత్యేక ఎంజైమ్ తయారై, ఈ వాయువును విపరీతంగా ఉత్పత్తి చేస్తుంది. అది సైక్లిక్ జీఎంపీని పెంచి కండరాన్ని సడలిస్తుంది. రక్తస్రావ షాక్ చివరి దశలో నాళాలు స్పందించకపోవడంలో దీని పాత్రను 1993లో క్రిస్టోఫ్ థీమెర్‌మాన్ బృందం జంతువుల్లో చూపింది.

మూడోది గ్రాహకాల అలసట. హార్మోన్ ఎడతెగకుండా తాకుతూ ఉంటే గ్రాహకానికి ఫాస్ఫేట్లు తగిలి, అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి అతుక్కుని, జీ-ప్రోటీన్‌తో దాని సంబంధాన్ని తెంచుతుంది. కొన్ని గ్రాహకాలు పొర మీద నుంచి లోపలికి వెళ్లిపోతాయి.

నాలుగోది కాల్షియం పట్ల సున్నితత్వం తగ్గడం. రో-కైనేజ్ మార్గం బలహీనపడితే కణంలో కాల్షియం ఉన్నా బిగింపు రాదు. చైనాలోని చోంగ్‌చింగ్‌లో లియు లియాంగ్‌మింగ్ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనలు దీన్ని వివరంగా చూపాయి.

ఐదోది వేసోప్రెసిన్ నిల్వలు అడుగంటడం. మొదట్లో పెద్ద మొత్తంలో విడుదలైన ఈ హార్మోన్ షాక్ పొడవునా సరిపోదు. మిగతా మందులకు లొంగని చివరి దశలో కుక్కలకు వేసోప్రెసిన్ ఇస్తే బీపీ తిరిగి లేచిందని 1999లో ఒక ప్రయోగం నిరూపించింది.

నాళాల లోపలి పొర

రక్తనాళాల లోపలి గోడను కప్పి ఉండే ఎండోథీలియం మీద చక్కెరలు, ప్రోటీన్లతో అల్లిన పలుచని పూత ఉంటుంది. దాన్ని గ్లైకోకాలిక్స్ అంటారు. ద్రవం బయటికి కారకుండా, తెల్లకణాలు అనవసరంగా అతుక్కోకుండా ఇది కాపాడుతుంది. షాక్‌లో ఎడ్రినలిన్ వరద, ఆక్సిజన్ కొరత, వాపు కలిసి ఈ పూతను చింపేస్తాయి. ఊడిన సిండెకాన్-1 ముక్కలు రక్తంలో కనిపిస్తాయి. పూత పోయాక నాళాలు కారడం మొదలై, ఎక్కించిన సెలైన్ కూడా కణజాలాల్లోకి జారిపోతుంది.

ఇదే పొర గడ్డకట్టే వ్యవస్థను కూడా అదుపు చేస్తుంది. తీవ్ర గాయం, తక్కువ ప్రసరణ ఒకేసారి ఉన్నప్పుడు ప్రోటీన్-సీ అతిగా చురుకై గడ్డకట్టడాన్ని తగ్గిస్తుంది. పొర నుంచి విడుదలయ్యే మరో పదార్థం ఏర్పడిన గడ్డలను కరిగించే వ్యవస్థను రేపుతుంది. గాయపడిన మనిషికి గడ్డ అత్యవసరమైన సమయంలోనే రక్తం గడ్డకట్టని స్థితి ఏర్పడుతుంది.

ప్రమాద ఘంటికలు, రక్తం తిరిగి అందిన వేళ

చితికిన కణాల నుంచి హెచ్ఎంజీబీ-1 ప్రోటీన్, మైటోకాండ్రియాల డీఎన్ఏ బయటపడతాయి. వీటిని టోల్ తరహా గ్రాహకాలు క్రిముల దాడిలాగే గుర్తించి, ఎన్ఎఫ్-కప్పా-బీ అనే జన్యు నియంత్రకం ద్వారా వాపు సంకేతాలు పంపుతాయి. ఇన్ఫెక్షన్ లేకున్నా సెప్సిస్ లాంటి పరిస్థితి ఏర్పడేది ఇందువల్లే.

రక్తం తిరిగి అందడం తప్పనిసరే, కానీ దానికీ ఒక మూల్యం ఉంది. ఆక్సిజన్ లేనప్పుడు మైటోకాండ్రియాల్లో పేరుకున్న సక్సినేట్, ఆక్సిజన్ రాగానే వేగంగా మండి హానికర ఆక్సిజన్ అణువులను పుట్టిస్తుంది. ఎక్కువసేపు ఎండిన పేగులు, మూత్రపిండాలు ఈ దెబ్బకు ముందుగా గురవుతాయి. బతికి బయటపడినవారిలో కొన్ని రోజుల తర్వాత అనేక అవయవాలు కలిసి దెబ్బతినడానికి ఇది ఒక కారణం.

చికిత్సలో ఈ అవగాహన

అన్నిటికంటే ముందు చేయాల్సింది రక్తం కారడాన్ని ఆపడం. సంకేతాలు గాడితప్పకముందే ఆ పని జరగాలి. ఆ లోపు సెలైన్ లీటర్ల కొద్దీ పోస్తే రక్తం పలచబడి, చల్లబడి, గడ్డలు కొట్టుకుపోతాయి. అందుకే తలకు గాయం లేనివారిలో రక్తస్రావం ఆగేదాకా బీపీ పై అంకెను 80–90 దగ్గర ఉంచితే చాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లను దాదాపు సమాన పాళ్లలో ఇవ్వడం ఇప్పుడు విస్తృతంగా అమల్లో ఉంది. ప్లాస్మా గడ్డకట్టే పదార్థాలను ఇవ్వడమే కాక, ఎండోథీలియం పూతను తిరిగి నిలబెడుతుందని జంతు ప్రయోగాలు చూపాయి. 2018లో వెలువడిన పామ్పర్ పరీక్షలో హెలికాప్టర్‌లోనే ప్లాస్మా అందుకున్నవారిలో 30 రోజుల మరణాలు 33 శాతం నుంచి 23.2 శాతానికి తగ్గాయి. అదే ఏడాది ఆసుపత్రి దగ్గరగా ఉన్న డెన్వర్ నగరంలో జరిగిన పరీక్షలో అలాంటి లాభం కనిపించలేదు.

గడ్డలు కరగకుండా ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌ను జపాన్‌కు చెందిన ఉతాకో, షోసుకే ఒకమోటో దంపతులు రూపొందించారు. 20,211 మంది గాయపడినవారితో జరిపి 2010లో వెలువరించిన క్రాష్-2 పరీక్షలో ఇది మరణాలను తగ్గించింది. మూడు గంటల లోపు ఇస్తేనే మేలు. ఆ తర్వాత ఇస్తే హాని కూడా జరగవచ్చు. తొలి మూడు గంటల్లోనూ ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ మేలు సుమారు 10 శాతం తగ్గుతుందని తర్వాతి విశ్లేషణ తేల్చింది.

రక్తం ఎక్కించేటప్పుడు మరచిపోకూడనిది కాల్షియం. సంచిలో రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ రోగి రక్తంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. మామూలుగా కాలేయం సిట్రేట్‌ను తొలగిస్తుంది. షాక్‌లో ఆ కాలేయానికే రక్తం చాలదు. గుండె కొట్టుకోవడానికి, ధమనిక బిగుసుకోవడానికి, గడ్డ ఏర్పడటానికి మూడింటికీ కాల్షియమే ఆధారం. అందువల్ల సంచుల మీద సంచులు ఎక్కించేటప్పుడు కాల్షియం కొలుస్తూ, తగ్గితే ఇస్తూ ఉండాలి.

సంకేతాలనే నేరుగా సరిచేసే మందుల ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. 100 మందితో జరిపి 2019లో ప్రచురించిన పరీక్షలో తక్కువ మోతాదు వేసోప్రెసిన్ ఇచ్చినవారికి ఎక్కించాల్సిన రక్తం తగ్గింది. కానీ సెప్సిస్ షాక్ రోగుల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని విచక్షణ లేకుండా అడ్డుకున్న మందు మరణాలను పెంచడంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అతిగా తయారైన నైట్రిక్ ఆక్సైడ్ నాళాన్ని కుప్పకూలుస్తుంది, కొద్దిపాటి నైట్రిక్ ఆక్సైడ్ అవయవాలకు రక్తం చేరడానికి అవసరం. ఏ సంకేతాన్నయినా పూర్తిగా నొక్కేయడం చికిత్స కాదని ఈ అనుభవం నేర్పింది.

కాన్పు తర్వాత రక్తస్రావం

ప్రపంచవ్యాప్తంగా తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో కాన్పు తర్వాతి రక్తస్రావం ముందు వరుసలో ఉంది. నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళుతుంది. మాయ పడిన తర్వాత గర్భాశయం గట్టిగా ముడుచుకుని, కండరాల మధ్యనున్న నాళాలను నొక్కి రక్తం ఆపాలి. ఆ ముడుచుకోవడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ కూడా జీక్యూ, కాల్షియం దారిలోనే పనిచేస్తుంది.

గర్భిణిలో రక్తం పరిమాణం దాదాపు 40–50 శాతం పెరిగి ఉంటుంది. అందువల్ల చాలా రక్తం పోయేదాకా బీపీ పడిపోదు. కంటి అంచనా కూడా నష్టాన్ని తక్కువ చేసి చూపుతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో జరిగిన ఈ-మోటివ్ పరీక్ష 2023లో దీనికి మార్గం చూపింది. కొలత గీతలున్న ప్లాస్టిక్ గుడ్డలో రక్తాన్ని పట్టి కొలిచి, పరిమితి దాటగానే గర్భాశయ మర్దన, ఆక్సిటోసిన్ తరహా మందులు, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి చేపట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం కలిపి లెక్కిస్తే 60 శాతం తగ్గాయి.

ముగింపు

గుండె వేగాన్ని బీపీ పై అంకెతో భాగించగా వచ్చే షాక్ సూచిక ఆరోగ్యవంతుల్లో 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది. అది 1 దాటితే, బీపీ ఎంత బాగున్నా ప్రమాదంగానే చూడాలి. బీటా బ్లాకర్ మాత్రలు వాడే వృద్ధుల్లో గుండె వేగం పెరగదు కాబట్టి వారి విషయంలో ఈ సూచికను కూడా పూర్తిగా నమ్మకూడదు. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం, మనిషిని చలి తగలకుండా కప్పడం, ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయడం ఎవరైనా చేయగల పనులు. కణ సంకేతాలు శరీరానికి కొంత గడువు మాత్రమే ఇస్తాయి. ఆ గడువు లోపల రక్తస్రావం ఆపగలిగితే, తర్వాత ఇచ్చే ఏ మందు కంటే అదే ఎక్కువ ప్రాణాలు నిలుపుతుంది.